బాబాయి కాటా మీద అక్క బరువు

నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువులో చివరి ఆదివారం నేను మణుగూరు వెళ్లాను. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక రేకుల పంచ. అందులో ముప్ఫై ఏళ్ల సంసారం. అక్క అప్పటికే వచ్చి పరుపులు చుట్టి తాళ్లు కడుతోంది. అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని గిన్నెలు మూట కడుతోంది. అటక మీది సామాను దించి జాబితా రాయడం నాకు అప్పజెప్పారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో జాబితా పని ఏదొచ్చినా నాకే వస్తుంది. ఇత్తడి గంగాళం ఒకటి. బొగ్గు జల్లించే ఇనుప జల్లెడ ఒకటి. నాన్న పాత హెల్మెట్లు మూడు, అందులో ఒకటి పగిలింది. అడుగున ఒక రేకు పెట్టె. మూత తీస్తే నా డిప్లొమా నాటి సెట్ స్క్వేర్లు, బ్యాటరీ కారి పచ్చగా తుప్పు పట్టిన స్టాప్‌వాచ్, దాని కింద నూరు పేజీల నోట్‌బుక్ కనిపించాయి. అట్ట మీద నా చేతిరాతతోనే ‘స్వరూప, ఈత’ అని ఉంది. లోపల స్కేలుతో గీసిన నాలుగు గళ్లు: తేదీ, బరువు, టైం, గమనిక.

“ఏం దొరికిందిరా అంత సేపు సూస్తున్నవ్?” అని అక్క అవతలి గది నుంచి అడిగింది. “ఏం లేదక్కా, పాత పుస్తకాలు” అన్నాను. ఆ నోట్‌బుక్‌ను పగిలిన హెల్మెట్ కింద పెట్టి, జాబితాలో మాత్రం రాయలేదు. నేను ఒక జాబితాలో కావాలని ఒక వస్తువును వదిలేయడం బహుశా అదే మొదటిసారి.

ఆ గళ్లు గీసేనాటికి నాకు పందొమ్మిదేళ్లు, అక్కకు ఇరవై నాలుగు. కొత్తగూడెంలో హాస్టల్లో ఉండి డిప్లొమా చదువుతూ శనివారం రాత్రికి ఇంటికి వచ్చి సోమవారం పొద్దున మొదటి బస్సుకు వెళ్లిపోయేవాడిని. మా ఇంట్లో పొద్దు సూర్యుణ్ని బట్టి కాదు, నాన్న షిఫ్టును బట్టి మొదలయ్యేది. మొదటి షిఫ్టు వారమైతే నాలుగున్నరకే అమ్మ పంచలో బొగ్గుల పొయ్యి రాజేసేది. ఆ పొగ వాసన, గంగాళంలో కాగే నీళ్ల ఇత్తడి వాసన, నాన్న ఖాకీ బట్టల గ్రీజు వాసన కలిస్తే అది మా ఇల్లు. నాన్న గని వర్క్‌షాపులో ఫిట్టర్. అన్నం తినేటప్పుడు కూడా కంచం పీట మీద సమంగా ఉందో లేదో వేలితో ఒకసారి నొక్కి చూసుకునేవాడు. మధ్యాహ్నం రెండు దాటాక ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు సైరన్ మోగేది. అమ్మ వెంటనే లేచి అలమర అంచున ఉన్న గ్లాసులను లోపలికి జరిపేది. తర్వాత భూమి ఒకసారి కడుపులోంచి మూలిగినట్టు కదిలేది, గ్లాసులు గలగలమనేవి, అమ్మ తిరిగి వచ్చి గింజ తీస్తూ వదిలేసిన చింతపండును మళ్లీ చేతిలోకి తీసుకునేది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడైనా సైరన్ వింటే నా చేయి దగ్గరలోని గ్లాసు మీదికి పోతుంది.

అక్క లావుగా ఉండేది. ఈ మాటను నేను మెత్తగా చెప్పాలని చూస్తే అక్క నవ్వుతుంది, అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పదేళ్లప్పుడే లావు. కాలనీ పిల్లలు ఆమెను ‘బర్రె’ అనేవాళ్లు, పెద్దవాళ్లు ‘ఆరోగ్యంగుంది’ అనేవాళ్లు, రెండింటికీ అర్థం ఒకటే. ఇంటర్మీడియట్ అయ్యాక రెండుసార్లు పెళ్లిచూపులకు వచ్చి వెళ్లారు. రెండుసార్లూ పిల్ల గురించి ఏమీ అనలేదు, చాయ్ బాగుందన్నారు. అక్క ఒకసారి పంచలో బట్టలు ఆరేస్తూ నాతో అంది: “ఇంట్ల కూసుంటే కూసొని లావైతుంది అంటరు. బయటికి పోతే అమ్మో ఎంత లావుంది అంటరు. నేను యాడ నిలబడాలెరా?”

ఆమె నిలబడగలిగిన చోటు ఒక్కటే, అది నీళ్లు. కాలనీ దాటి అడవిలోకి రెండు కిలోమీటర్లు నడిస్తే వాగుకు ఒక మడుగు ఉంది. ఎండాకాలంలో వాగు సన్నగిల్లినా మడుగులో గుండెల దాకా నీళ్లుంటాయి, ప్రవాహం ఉండదు. ఆ ఒడ్డున ఉన్న కోయగూడెం నుంచి జోగవ్వ మా ఇంటికి విస్తర్లు కుట్టుకునే అడ్డాకులు, కుంకుడుకాయలు తెచ్చేది. నల్లగా, సన్నగా, వెదురు కర్రలా ఉండే మనిషి. ఇంట్లో వాళ్ల భాష, మాతో మా భాష. అక్కకు ఏడెనిమిదేళ్లప్పుడు అమ్మ అడ్డాకుల కోసం గూడెం వెళ్తే, అమ్మ తిరిగి చూసేసరికి జోగవ్వ అక్కను మడుగులో పడేసి నడుము కింద అరచెయ్యి పెట్టి తేలించిందట. అప్పటి నుంచి అక్క ఈత ఆపలేదు.

ఆ సంవత్సరం శివరాత్రి అయిన వారం, కార్మికుల కాలనీలో కొత్తగా కట్టిన ఈతకొలను గోడకు ఒక కాగితం అంటించారు. ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ఈత నేర్పడానికి ఒక మహిళ కావాలి. పోస్టు ఒక్కటే. టెన్త్ పాసై ఉండాలి. యాభై మీటర్లు ఒక్క నిమిషంలో ఈదాలి. లోతు వైపు నుంచి ఒక మనిషిని గట్టుకు లాక్కురావాలి. పరీక్ష రెండు నెలల తర్వాత. నాన్న ఆ కాగితం సంగతి అన్నం తింటూ చెప్పాడు, చెప్పి వెంటనే మరో మాట కూడా చెప్పాడు. బోనకల్‌లో ఉన్న మా మేనత్తకు మోకాళ్లు పట్టేశాయి, వండిపెట్టడానికి మనిషి లేదు, స్వరూపను పంపమని ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. “ఇది అయితే అయింది. కాకుంటే ఎండాకాలం అయినంక అత్త దగ్గరికి పోతది. ఇంట్ల ఖాళీగ ఉండి ఏం జేస్తది?” అన్నాడు. కోపంగా అనలేదు. స్పానరు సైజు చెప్పినట్టు చెప్పాడు. అక్క కంచంలో గీతలు గీస్తూ కూర్చుంది. ఒకసారి బోనకల్ వెళ్తే అత్త మోకాళ్లు బాగైనా అక్క తిరిగి రాదని మా అందరికీ తెలుసు. ఆ ఇంట్లో మరో రెండు ముసలి ప్రాణాలు ఉన్నాయి, వాళ్లకూ మోకాళ్లు ఉన్నాయి.

ఆ ఆదివారం పొద్దున్నే ఇరవై ఐదు మీటర్ల తాడు కొలిచి పట్టుకుని మడుగుకు వెళ్లాం. ఈ ఒడ్డున ఒక కర్ర, ఆ ఒడ్డున ఒక కర్ర పాతాను. పోయి, కర్రను ముట్టుకుని, తిరిగి రావాలి. స్నేహితుడి దగ్గర పాత స్టాప్‌వాచ్ కొని తెచ్చాను. అక్క టైం అరవై నాలుగు సెకన్లు.

“ఎంత?” అంది ఒగురుస్తూ.

“అరవై నాలుగు. నాలుగు సెకన్లు ఎక్కువ.”

“నాలుగేనా! నాలుగంటే ఎంతరా, తుమ్మినంత సేపు.”

“తుమ్మితే ఫెయిలే” అన్నాను నేను.

నాలుగు సెకన్లు ఎక్కడి నుంచి తేవాలో నాకు అప్పటికే తెలిసిపోయినట్టు అనిపించింది. డిప్లొమా మొదటి సంవత్సరంలో నేర్చుకున్నది: బలం ఒకటే అయినప్పుడు బరువు తగ్గితే వేగం పెరుగుతుంది. బండి, మనిషి, రాయి, దేనికైనా ఇదే లెక్క. అక్క చేతుల బలం మారదు, ఒంటి బరువు తగ్గిద్దాం, సెకన్లు వాటంతట అవే తగ్గుతాయి. బస్సులో కూర్చుని లెక్క వేస్తే ఎనిమిది, తొమ్మిది కిలోలు తగ్గితే సరిపోతుందని తేలింది. ఆ లెక్కలో నీళ్లు లేవు. నీళ్ల గురించిన లెక్కలో నీళ్లు లేవన్న సంగతి నాకు చాలా కాలం తట్టలేదు.

బరువు చూడటానికి మా దగ్గర కాటా ఉండేది కాదు. దవాఖానాలో ఉన్నది, కానీ అక్కడ నలుగురి ముందు ఎక్కడానికి అక్క ఒప్పుకోలేదు. అప్పుడు వెంకన్న బాబాయి గుర్తొచ్చాడు. బాబాయికి సంత దగ్గర కొట్టు ఉండేది. అడవి ఊళ్ల నుంచి వచ్చే చింతపండు, ఇప్పపువ్వు, కుంకుడుకాయలు తూచి తీసుకునేవాడు. కొట్టు లోపలికి అడుగు పెడితే ఎండిన ఇప్పపువ్వు వాసన ముక్కు మీద దుప్పటి కప్పినట్టు ఉండేది. మధ్యలో ఇనుప కాటా: కింద మనిషి నిలబడేంత పలక, పైన గీతలున్న అడ్డకమ్మి, చివర వేలాడే ఇనుప గుండు. బాబాయి అక్కను చూసి నవ్వుతూ, “ఎక్కు బిడ్డా, నా కాటా దవాఖానా దానిలెక్క అందరికీ ఇనపడేటట్టు అరవదు” అన్నాడు. ఎనభై ఒకటి. గడిలో రాశాను.

తర్వాత తిండి జాబితా రాసి వంటింటి తలుపు వెనక అంటించాను. పొద్దున ఒక జొన్నరొట్టె, నెయ్యి లేకుండా. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, చారు, దోసకాయ. సాయంత్రం మజ్జిగ. రాత్రి ఏమీ లేదు. పప్పు వారానికి రెండుసార్లు. కూరల్లో నూనె సగం. అమ్మకు ఆ కాగితం చదవడం రాదు, అక్కతో చదివించుకుని విన్నది. విని, “పిల్లను అప్పడంలెక్క ఎండబెడుతున్నవారా? రేపు ఎత్తి నూనెల ఏస్తవా?” అంది. “రెండు నెలలే అమ్మా” అన్నాను. “నీకేం, నువ్వు హాస్టల్ల మూడు పూటలు మెక్కుతవ్.” అది నిజం. నేను మెక్కుతూనే ఉన్నాను. అక్క మాత్రం జాబితాలో ఒక్క మెతుకు తప్పలేదు. రాత్రి మేం తింటుంటే ఆమె పంచలో కూర్చుని చింతపండు గింజలు తీసేది. కాలనీలో ఎవరింట్లోనో చేపల పులుసు పెట్టిన వాసన వచ్చినప్పుడు ఆమె చేయి ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. మరుసటి ఆదివారం కాటా ఎనభైకి అర తక్కువ చూపింది. టైం అరవై మూడు. నేను ఎగిరి గంతేశాను.

మూడో ఆదివారం కాటా డెబ్బై ఏడు, టైం అరవై ఐదు. నాలుగో ఆదివారం డెబ్బై ఐదు, అరవై ఏడు. ఐదో ఆదివారం డెబ్బై మూడున్నర, అరవై ఎనిమిది. ఆరో ఆదివారం డెబ్బై రెండు, డెబ్బై. బరువు ఒక మెట్టు దిగుతోంది, టైం ఒక మెట్టు ఎక్కుతోంది. లెక్క తప్పని అనుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. కాటా తప్పని అనుకోవడం ఊహకే రాలేదు, అది ఇనుము, మా బాబాయిది. ఇక మిగిలింది అక్క.

“నువ్వు మనసు పెట్టి ఈదుతలేవ్” అన్నాను ఐదో ఆదివారం.

“పెడుతున్నరా.”

“తొమ్మిది కిలోలు తగ్గబోతున్నవ్. ఇప్పటికే అరవైకి రావాలె. లెక్క ప్రకారం రావాలె.”

“నా చేతులు లెక్క ప్రకారం లేస్తలేవురా.”

“బద్ధకం” అన్నాను నేను. ఇరవై నాలుగేళ్ల అక్క, రోజంతా ఇంటి చాకిరీ చేసి, మజ్జిగ తాగి, అడవిలో రెండు కిలోమీటర్లు నడిచి వచ్చి, నా ముందు తడి బట్టలతో నిలబడి ఉంది. “నీకు బోనకల్ పోవాలెనని ఉన్నట్టుంది” అని కూడా అన్నాను. అక్క చున్నీ పిండుకుని నా ముందు నడిచింది. ఇంటికి వచ్చే దాకా వెనక్కి తిరగలేదు.

ఆరో ఆదివారం, ఆ డెబ్బై సెకన్లు వచ్చాక, మరోసారి ఈదమన్నాను. అక్క సగం దాకా వెళ్లి ఆగింది. నిలబడాలని చూసింది, నిలబడలేక పక్కకు ఒరిగిపోయింది. నాకు ఈత రాదు. ఇది నేను ముందే రాయవలసిన సంగతి. ఒడ్డు మీద నిలబడి స్టాప్‌వాచ్ నొక్కే ఈత గురువును నేను. మోకాళ్ల లోతు దాకా పరిగెత్తి “అక్కా, అక్కా” అని అరుస్తుంటే, అవతలి ఒడ్డున బట్టలు పిండుకుంటున్న జోగవ్వ చీర ఎగ్గట్టి దిగింది. నాలుగు బారల్లో అక్కను చేరి, వెల్లకిలా తిప్పి, గడ్డం కింద చేయి వేసి లాక్కొచ్చింది. అక్క ఒడ్డున పడి కక్కుకుంది. మజ్జిగ నీళ్లు తప్ప ఏమీ పడలేదు.

“ఏం తిన్నవ్ బిడ్డా?”

“రొట్టె… పొద్దుగాల.”

“నిన్న రాత్రి?”

అక్క నా వైపు చూసింది. జోగవ్వ కూడా నా వైపు చూసింది. నేను నోట్‌బుక్ తెరిచి చూపించాను. ఆమెకు చదువు రాదని తెలిసి కూడా చూపించాను. “తగ్గాలె అవ్వా, తగ్గితేనే జల్దీ పోతది. ఆరు వారాల్ల తొమ్మిది కిలోలు తగ్గింది.”

“ఏ కాటా మీద?”

“మా బాబాయి కాటా మీద.”

జోగవ్వ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఇసుకలో కూలబడింది. “ఎంకన్న కాటా మీదనా! వాని కాటా మీద ఏనుగునెక్కిస్తే మేకపిల్ల తూగుతదిరా అయ్యా! గూడెంల పోరలకు గూడ ఎరుకే. సంతల చింతపండు దిగేదాంక జర తక్కువ, చింతపండు దిగినంక మస్తు తక్కువ. మమ్ముల్నే అట్ల తూస్తడనుకున్న, అన్న బిడ్డను గూడ అట్లనే తూసిండా!”

అక్క కూడా నవ్వింది. ఒడ్డున పడుకునే, కళ్లలో నీళ్లు కారుతుండగానే నవ్వింది. నేను ఒక్కణ్నే నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం బాబాయి అన్నానికి ఇంటికి వెళ్లిన సమయం చూసి ఇద్దరం కొట్టుకు వెళ్లాం. పంచలో ఎవరో రైతు దించుకున్న యూరియా బస్తా ఉంది, కుట్టు విప్పలేదు, మీద యాభై కిలోలని అచ్చు. ఇద్దరం ఈడ్చి కాటా మీదికి ఎత్తాం. నలభై ఐదున్నర. ఇంకోసారి. నలభై ఐదున్నర. వేలాడే గుండును తలకిందులు చేసి చూశాను. అడుగున గుంట ఉంది, అందులో ఒక పాత సీసం ముద్ద, దాని మీద ఒక కొత్తది పెట్టి తేనెమైనంతో మూసి ఉంది. గుండు బరువు పెరిగితే పలక మీది బరువు తక్కువగా కనబడుతుంది. ఇది నేను చదివినదే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. సీజన్ మొదట్లో సీసం కొంచెం, చింతపండు దిగాక ఇంకొంచెం. కొత్త ముద్ద వంతు లెక్కగడితే, అక్క తగ్గిందని నేను రాసుకున్న తొమ్మిది కిలోల్లో నాలుగు ఆమె తగ్గనే లేదు. మిగతా ఐదు కిలోలు మాత్రం నిజంగానే పోయాయి, వాటితో పాటు చేతుల్లోని బలం కూడా పోయింది.

బాబాయి తిరిగి వచ్చి, కాటా మీది బస్తాను, నా చేతిలోని గుండును చూశాడు. దబాయించలేదు. కుర్చీలో కూర్చుని తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. “అందరి కాటాలు గట్లనే ఉంటయిరా. నాదొక్కటి సక్కగ పెడితే నేనొక్కన్నే మునుగుత” అన్నాడు. కాసేపటికి అక్క వైపు తిరిగి, “నువ్వు వచ్చినప్పుడు తీసి పెడదామనుకున్న బిడ్డా. మరిచిపోయిన” అన్నాడు. అక్క, “మంచిగైంది బాబాయి, తక్కువనే జూపిచ్చినవ్” అంది. అతను నవ్వబోయి, నవ్వలేకపోయాడు. మేం ఆ సంగతి కొట్టు బయట ఎవరికీ చెప్పలేదు. అమ్మకు మాత్రం చెప్పాం. ప్రతి ఆదివారం బాబాయికి పంపే కూర గిన్నె కొన్నాళ్లు మా ఇంట్లోనే ఉండిపోయింది.

తిండి జాబితా చింపేశాను. పరీక్షకు రెండు వారాలు మిగిలాయి, నాకు సెలవులు మొదలయ్యాయి. అమ్మ అక్కకు పప్పులో నెయ్యి వేస్తూ నన్ను చూసేది, ఏమంటావో అను అన్నట్టు. రోజూ పొద్దున మడుగులో జోగవ్వ నేర్పేది, నేను ఒడ్డున నోరు మూసుకుని కూర్చునేవాడిని. ఆమె నేర్పింది నిజానికి ఒక్కటే. అలసిన కొద్దీ అక్క తల పైకెత్తి ఈదుతోంది, తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్లు దిగుతాయి. “గోదారిల దుంగ ఎట్ల పోతది?” అని జోగవ్వ అడిగేది. “పండుకొని పోతది. నిలబడి పోయే దుంగను సూసినవా? నువ్వు నిలబడి పోతున్నవ్ బిడ్డా. పండుకో.” నడుము కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తేది. ఒకరోజు అక్క, “నన్ను బర్రె అంటరు అవ్వా” అంది, ఏదో మాటల మధ్య. జోగవ్వకు కోపం వచ్చింది. “అంటే అననియ్. వరదల పడ్డోడు బర్రె తోక పట్టుకుంటడా, మేక తోక పట్టుకుంటడా? అడుగు అన్నోన్ని.”

నేను ఆ రెండు వారాల్లో లెక్కను మళ్లీ మొదటి నుంచి వేశాను, ఈసారి నీళ్లు పెట్టి. నేల మీద బరువును మనిషి మోయాలి, నీళ్లలో బరువును నీళ్లే మోస్తాయి. కొవ్వు నీటి కంటే తేలిక, అది తేలుతుంది. లావుపాటి మనిషి నడుమును పైన ఉంచేది ఆ కొవ్వే. ఈదేటప్పుడు చేతుల బలమంతా ఖర్చయ్యేది ఎదురుగా ఉన్న నీళ్లను పక్కకు తొయ్యడానికి. ఒళ్లు అడ్డంగా పడుకుంటే తొయ్యవలసిన నీళ్లు తక్కువ, కాళ్లు కిందికి వేలాడితే ఎక్కువ. బరువుకు అసలు పాత్రే లేదని కాదు. బయల్దేరేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు అది అడ్డం పడుతుంది, లావైన ఒళ్లు కొంచెం ఎక్కువ నీళ్లనే తొయ్యాలి. బలం పోకుండా తగ్గితే మేలే. కానీ ఆకలితో తగ్గిన కిలోకు నీళ్లలో విలువ లేదు. ఈ వాక్యాలు రాయడానికి ఇప్పుడు నాకు పది నిమిషాలు పట్టింది. అక్కకు ఆరు వారాల రాత్రి భోజనాలు పట్టింది.

పరీక్ష మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. ముగ్గురు వచ్చారు. మిగతా ఇద్దరూ సన్నగా, రెక్కలున్న చీమల్లా ఉన్నారు. ముందు దవాఖానా నర్సు ముగ్గురినీ కాటా ఎక్కించింది. అక్క బయటికి వచ్చి, “ఎనభై ఒకటి” అని నాకే వినపడేట్టు చెప్పింది. నోట్‌బుక్ మొదటి గడిలో ఉన్న అంకె అదే. అంకె ఒకటే, కాటాలు వేరు. నాన్న పాత ఖాకీ ప్యాంటు కత్తిరించి అమ్మ కుట్టిన నిక్కరు, మోకాళ్ల దాకా టీషర్టు వేసుకుని లోపలికి వెళ్లింది. మగవాళ్లను రానివ్వలేదు. నేను, నాన్న గోడ బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాం. స్టాప్‌వాచ్‌ను నేను ఇంట్లోనే వదిలి వచ్చాను, ఎందుకో పట్టుకోబుద్ధి కాలేదు. ఈల వినపడగానే నోట్లో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఇరవై తొమ్మిది దగ్గర నీళ్లు గోడను కొట్టిన చప్పుడు వచ్చింది, మలుపు తిరిగిందనుకున్నాను. ముప్ఫై నాలుగు, ముప్ఫై ఐదు. అప్పుడు సైరన్ మోగింది.

ప్రతిరోజూ మోగే సైరనే. తర్వాత భూమి కదిలింది. నాన్న చేయి నా భుజం మీద పడింది. లెక్క పోయింది. నలభైలో ఉన్నానో యాభైలో ఉన్నానో తెలియలేదు. లోపల ఆడవాళ్లు అరుస్తున్నారు, ఎందుకు అరుస్తున్నారో తెలియదు. నాన్న, “ఎంతయిందిరా?” అన్నాడు. “తెల్వదు నాయినా” అన్నాను. నాన్న నన్ను ఏదైనా అంకె అడిగినప్పుడు తెలియదని చెప్పింది అప్పుడే.

తర్వాత మనిషిని లాగే పరీక్ష. కాగితంలో చిన్న అక్షరాలతో ఉన్న ఆ రెండో పనిని నేను లెక్కలోకే తీసుకోలేదు. మిగతా ఇద్దరూ మనిషిని పట్టుకోగానే తామూ మునిగి, తేలి, నానా అవస్థ పడ్డారట. అక్క వెల్లకిలా పడుకుని, ఆ మనిషిని పొట్ట మీద వేసుకుని, తీరికగా తన్నుకుంటూ గట్టుకు వచ్చిందట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అక్క జుట్టు నుంచి నీళ్లు కారుతూ గేటు దాకా వచ్చి, నాన్నను చూసి, “అయింది నాయినా. నన్నే తీసుకున్నరు” అంది. నాన్న కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. “టైం ఎంత వచ్చిందక్కా?” అని అడిగాను.

“చెప్పిండ్రు. మరిచిపోయిన. నిమిషం లోపలనే. సైరన్ మోగినంక నీళ్లు అదిరినయిరా, పొట్టకు తెలిసింది.” ఆగి, “ఆకలైతుంది” అంది.

బోనకల్ అత్తకు వండిపెట్టే మనిషి వేరేచోట దొరికింది. అక్క ఇప్పటికీ ఆ కొలను దగ్గరే పని చేస్తోంది. పెళ్లి కూడా కాలనీలోనే, గనిలో ఎలక్ట్రీషియన్‌తో. బావ ఆమెను మొదటిసారి చూసింది ఈత నేర్పే మేడంగా, తన చెల్లెల్ని కొలను దగ్గర దింపడానికి వచ్చి. నేను తూకం యంత్రాలు సరిచూసే పనిలో కుదిరాను. లారీలు తూగే పెద్ద కాటాల నుంచి మందుల షాపు కాటాల దాకా. ఏ ఊరు వెళ్లినా ముద్ర వేసిన తూనికరాళ్లు నాతో వస్తాయి. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా, ముందు బరువు తెలిసిన రాయిని పలక మీద పెట్టి చూడకుండా నేను ఏ అంకెనూ కాగితం మీదికి ఎక్కించను. మణుగూరు సంతలో ఇప్పుడు అంకెలు వెలిగే కాటాలు వచ్చాయి. అవి కూడా చెప్పినట్టు వింటాయని నాకు తెలుసు. బాబాయి కొట్టు మూసేశాడు. జోగవ్వ లేదు. ఆమె చింతపండు ఆ కాటా మీద ఎన్నేళ్లు తక్కువ తూగిందో నేను ఏ నోట్‌బుక్‌లోనూ రాయలేదు. మా అక్క బరువు తప్పు వచ్చిందని తెలిసినప్పుడు బస్తా ఎత్తి చూశాను. అప్పటి దాకా గూడెమంతటికీ తెలిసిన సంగతి నాకు ఎందుకు తెలియలేదో, తెలిశాక గూడెం తరఫున నోరెందుకు తెరవలేదో, ఆ రెండు ప్రశ్నలకూ నా దగ్గర చెప్పుకోదగిన జవాబు లేదు.

క్వార్టర్ ఖాళీ చేసిన ఆ ఆదివారం, మధ్యాహ్నం దాటాక సామాను ఆటోలోకి ఎక్కిస్తూ అక్క హెల్మెట్ ఎత్తింది. నోట్‌బుక్ కనబడింది. నేను వెళ్లి అందుకునే లోపలే తెరిచి, ఖాళీ గదిలో గోడకు ఆనుకుని కూర్చుని చదవడం మొదలుపెట్టింది. బరువులు చదివింది, టైములు చదివింది. చివరి వరుసలో తేదీ మాత్రమే ఉంది, పరీక్ష రోజుది, మిగతా గళ్లు ఖాళీ. తర్వాత వేలు నాలుగోదైన గమనిక గడి మీదికి జరిపింది. నేను దాచింది ఆ గడినే. మూడో ఆదివారం నుంచి ఆరో ఆదివారం దాకా, నాలుగుసార్లు, ఒకే మాట, నా గుండ్రటి చేతిరాతతో.

“మనసు పెట్టలేదు” అని అక్క పైకి చదివింది. “మనసు పెట్టలేదు. మనసు పెట్టలేదు. మనసు…” నాలుగోది పూర్తి చేయలేదు.

నేను జేబులోంచి పెన్ను తీశాను. “ఇటియ్యి అక్కా, కొట్టేస్త.”

“వద్దు. కొట్టెయ్యకు.” పుస్తకాన్ని నా ముందుకు జరిపింది గానీ వదల్లేదు. “మీ ఆఫీసుల అంకె తప్పయితే ఏం జేస్తరు? చెరిపేస్తరా?”

“చెరపొద్దు. పాతది కనపడుతుండాలె. పక్కన సరైంది రాసి సంతకం పెట్టాలె.”

“గట్లనే చెయ్యి.”

నేను నేల మీద కూర్చున్నాను. నాలుగో గడి పక్కన, మార్జిన్‌లో, మూడో ఆదివారం దగ్గర ‘కాటా తప్పు. ఆమెది కాదు’ అని రాసి సంతకం పెట్టాను. నాలుగో ఆదివారం దగ్గర మళ్లీ రాశాను. ఐదో దగ్గర, ఆరో దగ్గర రాశాను. ఒక్కసారి రాసి కింద గీత గీస్తే సరిపోతుంది, కానీ అక్క వేలు ఒక్కో వరుస మీదా ఆగి, సంతకం అయ్యాకే కిందికి జరుగుతోంది. నాలుగో సంతకం పెడుతుండగా దూరంగా సైరన్ మోగింది. ఖాళీ వంటింట్లో ఒక్క గ్లాసు కూడా లేదు. అయినా అమ్మ లేచి అలమర దాకా వెళ్లింది.